చిత్రలేఖన తరగతియు కంప్యూటరును

ప్రతి సంవత్సరమును ఏదో యొక ప్రశ్న తరగతి గదులలో పుట్టి, ఆటస్థలమునకు ప్రాకి, తుదకు ఇండ్లలో పెద్దల చెవిని బడుచుండును. ఈ సంవత్సరము మా పాఠశాలలో పుట్టిన ప్రశ్న యిది: కంప్యూటరు గది యుండగా డ్రాయింగు గంట యేల? సహపాఠులలో కొందఱు, ‘బొమ్మలు గీయు పని యిప్పుడు యంత్రము చేయుచున్నది, కాగితముపై పెన్సిలు త్రిప్పు కాలమును గణితమున కిచ్చుట మేలు’ అనుచున్నారు. మఱికొందఱు, ‘కంప్యూటరుపై గీసినది బొమ్మయే కాదు, అది చేతిని చెఱుచును, చిత్రకళ నేర్వగోరువాడు దాని దరి చేరరాదు’ అనుచున్నారు. ఈ రెండు పక్షముల వాదములను మేము ఓపికతో వింటిమి. రెండును పొరపాటులే యని మాకు తోచినది. ఎందుచేత నట్లు తోచినదో తోడి విద్యార్థులకును పెద్దలకును విన్నవించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మా యభిప్రాయమును మొదటనే చెప్పెదము. కంప్యూటరుపై బొమ్మలు గీయుటకు గల ప్రాథమిక సాధనములను, అనగా బ్రష్షు, పెన్సిలు, ఎరేజరు, బకెట్టు, కలరు పికరు, లేయరు అను వానిని, ప్రతి విద్యార్థియు ఖాళీ పత్రముపై స్వహస్తముతో మొదటినుండి నేర్వవలెను. అట్లు నేర్పుట డ్రాయింగు మాస్టరుగారి పనియే. డ్రాయింగు గంటను తీసివేయుటకు కంప్యూటరు సాకు కారాదు. కంప్యూటరును దూరముంచుటకు చిత్రకళయు సాకు కారాదు.

మేమున్న చోటు చిత్రకళకు క్రొత్తది కాదు. మా తాడేపల్లి మండలములోని ఉండవల్లి కొండను తొలిచి అంతస్తులుగా గుహలను మలచిన శిల్పులు, అందు పవళించిన విష్ణుమూర్తిని ఏకశిలయందు వెలువరించిరి. కృష్ణానది కావలి యొడ్డున కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మలు చేసి రంగులు వేయు కుటుంబము లిప్పటికిని గలవు. ఏఱు సముద్రమున గలియు దిక్కున మచిలీపట్టణము, పెడన ప్రాంతములు అద్దకపు కలంకారీకి పేరొందినవి. ఆ మచిలీపట్టణముననే కోపల్లె హనుమంతరావుగారు మున్నగు పెద్దలు 20వ శతాబ్దపు తొలినాళ్లలో నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రలేఖనమును విద్యలో నొక భాగముగా బోధించిరి. చిత్రకారుడును నవలాకారుడును అయిన అడివి బాపిరాజుగారు అచట ప్రధానాచార్యులుగా పనిచేసిరి. చేతిపనిని చదువునుండి వేఱుచేయరాదని ఆ పెద్దలు తలచిరి. ఆ తలంపు నేటికిని చెల్లునని మా నమ్మకము.

ఇక మా యూరి సంగతి. మా సహపాఠి యొకని తండ్రిగారు పాతికేండ్లు పేరుపలకలు వ్రాసినవారు. దుకాణములకు, లారీలకు, ఎన్నికల గోడలకు ఆయన వ్రాసిన అక్షరములు లెక్కకు రావు. కంప్యూటరుతో అచ్చువేయు ఫ్లెక్సు వచ్చిన పిమ్మట ఆ పని క్రమముగా తగ్గినది. ఇప్పుడాయన ఇండ్లకు సున్నములును రంగులును వేయుచున్నారు. ‘కంప్యూటరుపై మీకు కోపము లేదా?’ యని మేమొకనాడు ఆయన నడిగితిమి. ఆయన నవ్వి, ‘దాని మీద కోపం దేనికి అబ్బాయిలూ? అది మాకు నేర్పినవాళ్లు లేరు. షాపులో కూర్చున్న కుర్రాళ్లకేమో అక్షరం నేర్పినవాళ్లు లేరు’ అనిరి.

ఈ మాట మా మనసున నాటుకొన్నది. ఒకసారి బజారునకు బోయి ఫ్లెక్సులను పరికించి చూడుడు. ప్రతి దానిపైనను అదే పూలతీగ, అదే మేఘము, అదే వెలుగు చక్రము. చోటు చాలక సాగదీసిన ముఖములు, ఎఱ్ఱని నేలపై ఎఱ్ఱని యక్షరములు, ఒత్తు క్రింది పంక్తిలోని గుడితో కలిసిపోయి చదువరాని పేర్లు. యంత్రము చెడ్డదగుటచేత నిట్లగుట లేదు. యంత్రమును నడుపువారికి గీతయొక్కయు, రంగుయొక్కయు, ఎడముయొక్కయు పాఠము ఎన్నడును జరుగలేదు. గీత తెలిసినవారికి యంత్రము తెలియకపోవుటచే బ్రదుకుతెరువు పోయినది. యంత్రము తెలిసినవారికి గీత తెలియకపోవుటచే బజారు అందము పోయినది. వచ్చు తరమువారమైన మేము ఈ రెండు నష్టములలో దేనికిని గుఱికాకుండుట యెట్లు? ఇదియే మా ప్రశ్నలోని అసలు సారము.

చిత్రరచనకు గల యీ సాఫ్టువేరులు మనము తలచునంత క్రొత్తవి కావు. 1973లో అమెరికాయందలి జిరాక్సు సంస్థవారి పరిశోధనాలయమున రిచర్డ్ షౌప్ అనునాతడు సూపర్‌పెయింట్ అను సాధనమును నిర్మించెను. 1984లో బిల్ అట్కిన్సన్ రచించిన మాక్‌పెయింట్, మాకింతోష్ కంప్యూటరుతోపాటు సామాన్యుల ఇండ్లకు చేరినది. 1990లో థామస్ నోల్, జాన్ నోల్ అను సోదరులు రూపొందించిన ఫోటోషాపును అడోబీ సంస్థ విడుదల చేసినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున బర్కిలీలో చదువుచున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అను ఇరువురు విద్యార్థులు 1995లో గింప్ అను సాఫ్టువేరును ఆరంభించి, 1996లో లోకమునకు ఉచితముగా నిచ్చిరి. వీనిని నిర్మించినవారు తమ సాధనములకు క్రొత్త పేర్లు వెదకుకొనలేదు. కుంచె, పెన్సిలు, రబ్బరు, రంగు బకెట్టు, పిచికారీ అని చిత్రకారుని బల్లపైనున్న వస్తువుల పేర్లనే పెట్టిరి. కుంచె యెఱుగనివానికి ఆ తెరపైనున్న కుంచె గుఱుతు ఏమి చెప్పగలదు?

తెరపై బొమ్మ యనగా ఏమి? పిక్సెలు లనబడు చిన్న గడుల వరుస. ముగ్గుకు చుక్కలు పెట్టునట్లు అడ్డముగను నిలువుగను గడులుండును. ఒక్కొక్క గడికి ఒక్కొక్క రంగు. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులలో ఒక్కొక్కటి 0 మొదలు 255 వఱకు 256 మెట్లుగా నుండును. ఆ మూటిని కలుపగా 1,67,77,216 రంగులు పుట్టును. ఏ4 కాగితముపై అంగుళమునకు 300 చుక్కల చొప్పున చక్కగా అచ్చుపడవలెనన్నచో అడ్డము 2480, నిలువు 3508 గడులు కావలెను. ఇది తెలియక అడ్డముగా 800 గడులు మాత్రమే గల పత్రముపై బొమ్మ గీచి, అచ్చులో అది మూడంగుళములైనను రాలేదని వగచిన విద్యార్థులు మాలోనే కలరు. చిన్న భాగహారము ముందే చేసికొనియుండినచో ఆ వగపు తప్పెడిది. గణితమునకు కాలము చాలదనువారు ఈ పాఠములో గణితము కూడ నున్నదని గమనింతురు గాక.

మొదటి సాధనము కుంచె. దీనికి ముఖ్యముగా మూడు గుణములు గలవు. మొదటిది పరిమాణము. రెండవది అంచు, అనగా గీత చివర కత్తితో కోసినట్లుండవలెనా, దూది అంచువలె కరగిపోవలెనా యనునది. మూడవది ఓపాసిటీ, అనగా వేసిన రంగు అడుగునున్న దానిని ఎంతమేర కప్పవలెనో తెలుపు కొలత. ఓపాసిటీని 50 పాళ్లుగా నుంచి ఒకసారి పూసినచో అడుగు రంగు సగము కనబడును; కుంచె నెత్తి మరల పూసినచో నాలుగవ వంతు, మూడవమాఱు ఎనిమిదవ వంతు మిగులును. ఇంటికి సున్నము వేయువారు రెండు పూతలు, మూడు పూతలు అని చెప్పుట మన మెఱిగినదే. సూత్రము అదియే. పెద్దదియు మెత్తని అంచు గలదియు నగు కుంచెతో, 20 పాళ్ల ఓపాసిటీతో, ఒక కడవకు నీడవైపు పూత మీద పూత వేసి గుండ్రము తెప్పింప నేర్చినవాడు వెలుగునీడల పాఠమును సగము నేర్చినట్లే. పెన్సిలను సాధనము గట్టి అంచునే యిచ్చును. దాని గీతను దగ్గఱనుండి చూచినచో మెట్లుమెట్లుగా గనబడును. ఈ రెంటి భేదమును కంటితో చూచి తెలిసికొనుటకు ఒక్క గంట చాలును.

మేము వేసికొనిన మొదటి అభ్యాసము ప్రకాశము బ్యారేజి. 1957లో పూర్తియై విజయవాడను మా తాడేపల్లి యొడ్డుతో కలుపుచున్న యీ కట్టడములో తిన్నని గీతలు మెండు. గింప్‌లో ఒకచోట చుక్కపెట్టి, షిఫ్టు మీటను నొక్కిపట్టి, మఱియొకచోట నొక్కినచో నడుమ తిన్నని గీత పడును. అది చూచి మేము సంతోషించితిమి. ఆ వెనుక నున్న కొండను గీయబోగా సంతోషము చల్లారినది. కొండకు షిఫ్టు మీట లేదు. మౌసు పట్టిన చేయి వణకినది. వంపు రావలసినచోట కోణము వచ్చినది. నాలుగు రోజులు కాగితముపై ఆ కొండ అంచునే గీచి, ఐదవనాడు మరల తెరకడకు వచ్చినప్పుడు కుదిరినది. మౌసు మంచి కుంచె కాదని మేమును ఒప్పుకొందుము. అది మణికట్టునే కదల్చును. వ్రేళ్ల బరువును అది గ్రహింపదు. అయినను కొండ రానిది మౌసు లోపమువలననే కాదు. ఆ అంచు ఎక్కడ పెరుగునో ఎక్కడ తగ్గునో మాకు ముందు తెలియదు. కాగితము దానిని మాకు తెలిపినది.

రెండవ సాధనము ఎరేజరు. కాగితముపై రబ్బరు గీతను చెఱిపినను మచ్చ మిగులును. తెరపై మచ్చ మిగులదు. అడుగు పొరకు పారదర్శకత లేనిచో ఎరేజరు నేపథ్యమునకు ఎన్నుకొనిన రంగును పూయును. ఉన్నచో ఆ చోటును బోలుచేసి, క్రిందిదానిని చూపును. దీనికి తోడు కంట్రోలు, జెడ్ అను మీటలను కలిపి నొక్కినచో చేసిన పని వెనుకకు బోవును. ఈ సౌకర్యము మేలా, కీడా? కీడని కొందఱు వాదింతురు; తప్పునకు భయములేనివాడు శ్రద్ధ వహింపడని వారి తలంపు. మాకు కలిగిన అనుభవము రెండు విధములు. భయస్తుడైన మా మిత్రుడొకడు కాగితముపై మొదటి గీత వేయుటకే వెనుదీయుచుండెడివాడు. తెరపై చెఱుపుట సుళువగుటచే ధైర్యము వచ్చి, ఇప్పుడు కాగితముపైనను చక్కగా గీయుచున్నాడు. మఱియొకడు ఒక్క కనుబొమ్మను నలువదిసార్లు వేసి, నలువదిసార్లు వెనుకకు త్రిప్పి, గంట మ్రోగునప్పటికి ఒంటి కనుబొమ్మతో మిగిలినాడు. కావున మొదటి నెలలలో ఒక్కొక్క బొమ్మకు వెనుకకు త్రిప్పుట పదిసార్లకు మించరాదని మేమే యొక నియమము పెట్టుకొంటిమి. మేలు కలిగినది.

మూడవది బకెట్టు. మూసిన గీతల నడుమ దీనితో నొక్కినచో ఆ గది యంతయు రంగు నిండును. గీత ఒక్క గడి మేర తెఱచియున్నను, రంగు బయటకు పాఱి పత్రమంతయు ముంచివేయును. గట్టుకు గండి పడిన నీటిమడిని చూచిన పల్లెటూరివానికి దీనిని వేఱుగ చెప్పవలసిన పనిలేదు. మా తరగతిలో ఈ పాఠమును మొట్టమొదట గ్రహించినవారు సంక్రాంతికి ముగ్గులు వేయు సోదరీమణులు. తిరిగివచ్చి కలియని గీతను వారి కన్ను వెంటనే పట్టినది. కంప్యూటరు నెఱిగినవారమని గర్వించు మేము వారి ప్రక్కన గూర్చుండి గండి యెక్కడనో వెదకించుకొంటిమి. ఇంటిలోని విద్య యెప్పుడు ఎక్కడ అక్కఱకు వచ్చునో ముందుగా చెప్పజాలము.

నాల్గవది కలరు పికరు. మాకు ఎక్కువ నేర్పిన సాధనమిదియే. గుంటూరు సీమలో బుట్టినవారిని మిరపకాయ రంగేదని యడిగినచో ఎఱుపని తడువుకొనక చెప్పుదురు. మేమును కళ్లమున ఎండుచున్న మిరపకాయల బొమ్మకు 255 మెట్ల నిండు ఎఱుపును ఎన్నుకొని బకెట్టుతో పోసితిమి. అది మిరపకాయలవలె గాక క్రొత్త ప్లాస్టికు బిందెవలె నున్నది. అంతట మేమే తీసిన ఛాయాచిత్రమును తెఱచి, పికరుతో ఒక్కొక్కచోట నొక్కి చూచితిమి. ఎండ తగులుచోట కొంచెము నారింజ; మడతలో దాదాపు నలుపు; తొడిమవద్ద ఎండుగడ్డి రంగు; తాలుకాయ తెలుపు కలిసిన పసుపు; కాయల నడుమ నీడలో ఊదా. నిండు ఎఱుపు మేము నొక్కినచోట నెక్కడను లేదు. పుట్టినది మొదలు చూచుచున్న వస్తువును ఆనాటివఱకు మేము చూడనేలేదని తెలిసినది. ఆ మఱునాడు కళ్లమునకు పోయి కంటితోనే ఆ రంగులను గుఱుతింప గలిగితిమి. పికరును ఊతకఱ్ఱగా గాక కంటికి గురువుగా వాడుకొనవలెనని మా మనవి. పది రంగులను ముందు ఊహించి వ్రాసికొని, పిమ్మట పికరుతో సరిచూచుకొను అభ్యాసము ప్రతి తరగతివారును చేయదగినది.

ఐదవది లేయరు. గాజుపలకలను ఒకదానిపై నొకటి పేర్చినట్లు, ఆకాశ మొక పొరమీద, కొండ యొక పొరమీద, మనుష్యు లొక పొరమీద నుంతురు. ఒకదానిని దిద్దినను తక్కినవి చెడవు. కలంకారీ పనివారి వరుస నెఱిగినవారికి దీని విలువ తెలియును. వారు వస్త్రమును కరక్కాయ కషాయముతోను పాలతోను సిద్ధపఱచి, ఇనుమును బెల్లమును ఊరవేసిన నల్లని ద్రవముతో గీతలు తీర్చి, ఎఱుపు రావలసినచోట పటిక అద్ది, ఉడుకబెట్టి, ఉతికి, ఒకదాని తరువాత నొకటిగా రంగులు తెప్పింతురు. అచట వరుస తప్పినచో వెనుకకు మరలుట లేదు. కావున ఏది ముందు, ఏది వెనుక యని పని మొదలుపెట్టకముందే యోచింతురు. లేయరు మనకు వెనుకకు మరలు వీలు నిచ్చును. యోచనను మాత్రము అది మనకు మాఱుగా చేయదు. ఇందుకు మా తప్పే దృష్టాంతము. గోడపత్రికకు ముఖచిత్రమును పది పొరలతో రచించి, పని ముగిసినదని జేపెగ్ రూపమున దాచి, గింప్ తన స్వంత రూపమైన ఎక్స్‌సీఎఫ్‌లో దాచుట మఱచితిమి. జేపెగ్ పొరల నన్నిటిని ఒక్కటిగా అంటించివేయును. మఱునాడు చూడగా శీర్షికలో నొక ఒత్తు తప్పు. దానిని దిద్దుటకు బొమ్మ సగము మరల వేయవలసివచ్చినది.

ఇప్పుడు మాపై రాగల ఆక్షేపణలను విచారింతము. మొదటిది మిక్కిలి బలమైనది: ‘ఒక వాక్యము వ్రాసినంతనే బొమ్మ నిచ్చు కృత్రిమ మేధ వచ్చియుండగా ఈ శ్రమ యెందులకు?’ మేము దానినిగూడ పరీక్షించితిమి. మిరపకాయల బజారును చిత్రింపుమని యడుగగా నిమిషములో చిత్రము వచ్చినది. చూచుటకు మెఱయుచునే యున్నది. కాని అందలి పేరుపలకపై తెలుగువలె గనబడు అర్థములేని వంకరలున్నవి. బస్తా మోయు కూలీ చేతులలో నొకటి బస్తాలో కలిసిపోయినది. కాయలన్నియు మేము మొదట పోసిన ప్లాస్టికు ఎఱుపే. ఈ యంత్రములు నానాటికి మెఱుగగుచుండుట నిజమే. ఇట్టి తప్పులు రేపు తగ్గవచ్చును. అయినను ఆ తప్పులను మేము ఎట్లు కనిపెట్టితిమి? కళ్లమున రంగులు లెక్కించిన కన్ను గనుక. వానిని దేనితో దిద్దితిమి? కుంచె, ఎరేజరు, పికరులతో. గీయనేర్వనివాడు యంత్రమిచ్చిన దానిని మెచ్చుకొనుట తప్ప వేఱు చేయజాలడు. గుణకారము వచ్చినవానికే లెక్కల యంత్రము తప్పు నొక్కబడినదను అనుమానము కలుగును.

రెండవ ఆక్షేపణ ధనమును గూర్చినది. కొన్ని ప్రసిద్ధ సాఫ్టువేరులకు నెలనెల చందా కట్టవలెను. అది మా తల్లిదండ్రులలో పెక్కురకు మోయరాని భారము. ఇంటిలో కంప్యూటరు లేనివారే మాలో నెక్కువ. కాని గింప్, క్రిటా మున్నగునవి ఉచితములు. దొంగ ప్రతులు వాడి తప్పుచేయవలసిన అగత్యము లేదు. మేము చెప్పిన ఐదు పాఠములు పాత కంప్యూటరుపైనను జరుగును. ఇరువురకు ఒక యంత్రమైనను చాలును. ఒకరు గీయుచుండగా రెండవవారు చూచి తప్పు చెప్పుటయు ఒక పాఠమే. ఇంట యంత్రము లేదన్న కారణముననే పాఠశాల ఈ విద్యను నేర్పవలెను. కలవారి పిల్లలు ఎట్లును నేర్చుకొందురు. లేనివారికి ఈ గది తప్ప వేఱొక తావు లేదు.

మూడవది మార్కులను గూర్చినది. పదవ తరగతి పరీక్షలో డ్రాయింగునకు పత్రము లేదుగదా యందురు. నిజమే. అయినను మన రాష్ట్రప్రభుత్వ పరీక్షల శాఖవారు జరుపు డ్రాయింగు లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలు గలవు. అచ్చుశాలలు, వస్త్రముల నమూనాలు, పాఠ్యపుస్తకముల బొమ్మలు, చలనచిత్రములు, ఆటల తయారీ అను పెక్కు వృత్తులు నేడు ఈ సాధనములపైననే నడచుచున్నవి. ఇవి యెల్లరకు దొరకునని మేము చెప్పము. కాని ఫ్లెక్సు దుకాణమున కూర్చుండు యువకుడైనను గీత తెలిసినవాడైనచో, బజారు కొంత చదువదగినదిగా నుండును; అతని పనికి విలువయు కలుగును.

చేయి ముందు, యంత్రము వెనుక యనుటకు తెలుగువారికి గొప్ప నిదర్శనము బాపుగారు. 1933లో జన్మించి 2014లో స్వర్గస్థులైన ఆయన చేతివ్రాత ఎంత యందమైనదనగా, దానిని కంప్యూటరు అక్షరములుగా మలచిరి. నేడు పెండ్లిపత్రికలపైనను పుస్తకముల అట్టలపైనను ఆ యక్షరములు గనబడుచున్నవి. ఆ తలకట్టు వంపు, ఆ కొమ్ము విఱుపు ఏ మీట నొక్కగనో పుట్టినవి కావు. ముందు ఒక మనిషి చేతిలో అవి పుట్టినవి; యంత్రము వానిని పదిమందికి పంచినది. రెండును కలిసినప్పుడే మేలు కలిగినది.

కావున పెద్దలకు మా విన్నపములు నాలుగు. మొదటిది, డ్రాయింగు గంటలను తీసివేయక, వారములో నొక గంట కాగితముపైనను, ఒక గంట తెరపైనను, ఒకే వస్తువును గీయించుట. రెండవది, మొదటి ఆఱు మాసములు సిద్ధముగా దొరకు బొమ్మలను అతికించుట గాని, యంత్రముచే బొమ్మలు చేయించుట గాని లేకుండ, ఖాళీ పత్రముతోనే పని చేయించుట. మూడవది, డ్రాయింగు మాస్టరుగారును కంప్యూటరు మాస్టరుగారును ఆ గంటలో కలిసి యుండునట్లు ఏర్పాటు చేయుట. నాల్గవది, మా యూరిలో పేరుపలకలు వ్రాసిన పెద్దలను ఏడాదికి నాలుగుమార్లు పాఠశాలకు పిలిచి, తెలుగక్షరమును కుంచెతో వ్రాయుట మా తమ్ములకును చెల్లెండ్రకును నేర్పించుట. వారికి తగిన పారితోషికమునిచ్చి, వారు కోరినచో కంప్యూటరు గదిలో వారికిని ఒక ఆసనము చూపుట.

మేము పదవ తరగతివారము. ఈ వేసవితో పాఠశాలను విడిచిపోవుచున్నాము. మా కోరికలు నెరవేఱినను వాని ఫలము అనుభవించువారము మేము కాము. అయినను ఒక చిన్న పనికి మేమే పూనుకొంటిమి. మా సహపాఠి తండ్రిగారిని ప్రార్థింపగా, ఆయన పాత కుంచె నొకదానిని నానబెట్టి మెత్తపఱచి, తెల్లని అట్టపై మా పాఠశాల పేరును వ్రాసి యిచ్చిరి. దానిని ఛాయాచిత్రము తీసి, నేపథ్యమును తొలగించి, అక్షరములను ప్రత్యేక లేయరుగా నుంచి, ఈసారి ఎక్స్‌సీఎఫ్‌లోను మఱువక దాచితిమి. అది కంప్యూటరు గదిలో మూడవ యంత్రముపై నున్నది. వచ్చు సంవత్సరపు సంచికకు ముఖపత్రమును సిద్ధముచేయు తొమ్మిదవ తరగతి సోదర సోదరీమణులు, క్రొత్త అక్షరములకై వెదకక, ఆ లేయరును తెఱచి, దాని క్రింద తమ స్వహస్తములతో బొమ్మ వేయుదురు గాక యని ఆశించుచున్నాము.